హైవే మీద పాత కారు అదురుతుంటే: తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

విజయవాడలో కృష్ణ మీది వారధి దాటి, తాడేపల్లి ట్రాఫిక్ వదిలించుకుని, మంగళగిరి దగ్గర 80 అందుకోగానే స్టీరింగ్ వణకడం మొదలవుతుంది. 90కి సీటు కూడా అందుకుంటుంది. 110 దాకా లాగితే ఒక్కోసారి తగ్గిపోతుంది కూడా. తిరిగి ఊళ్లోకి వచ్చి బెంజ్ సర్కిల్ దగ్గర ఆగితే బండికి ఏ రోగమూ లేనట్టే ఉంటుంది. మెకానిక్‌కి చూపిస్తే సందు చివరిదాకా నడిపి, "పాత బండి కదండీ, ఆమాత్రం ఉంటుంది" అంటాడు. లేదంటే అలైన్‌మెంట్ చేయించమంటాడు.

రెండూ సరైన జవాబులు కావు. పదిహేనేళ్ల స్విఫ్ట్ అయినా, ఇరవై ఏళ్ల క్వాలిస్ అయినా అన్నీ సరిగ్గా ఉంటే 90లో నిమ్మళంగానే పోతుంది. అలైన్‌మెంట్ తప్పితే బండి ఒక పక్కకు లాగుతుంది, టైరు ఒక అంచున అరుగుతుంది. అరుగుదల ముదిరితే ఆ టైరు వల్ల అదురు రావచ్చు గానీ, అలైన్‌మెంట్ ఒక్కటే సరిచేసినంత మాత్రాన ఆ అదురు పోదు.

అదురుకు మూలం దాదాపు ఎప్పుడూ తిరిగే వస్తువే. కారులో ముఖ్యంగా మూడు వేర్వేరు వేగాలతో తిరిగేవి ఉంటాయి: చక్రాలు, వెనక చక్రాలకు శక్తి వెళ్లే బండి అయితే జాయింట్ రాడ్డు (ప్రొపెల్లర్ షాఫ్ట్ అనేది దీన్నే), ఇంజన్. అదురు ఈ మూడింటిలో దేనితో కలిసి నడుస్తోందో ముందు తేల్చుకోండి. అది తేలకుండా ఒక్క స్పేర్ పార్టు కూడా కొనకండి. తేల్చుకోవడానికి పెట్రోలు ఖర్చు తప్ప ఇంకేమీ అవదు.

మీ బండి ఏ రకమో తెలుసుకోవడం కూడా అవసరమే. మారుతి 800, ఆల్టో, స్విఫ్ట్, శాంత్రో, ఇండికా లాంటివాటికి శక్తి ముందు చక్రాలకే వెళ్తుంది. వాటిలో జాయింట్ రాడ్డు ఉండదు, ముందు పక్కన రెండు యాక్సిల్ షాఫ్టులు ఉంటాయి. అంబాసిడర్, ఓమ్ని, క్వాలిస్, పాత ఇన్నోవా, టవేరా, సుమో, బొలెరో, స్కార్పియోలు వెనక చక్రాల బళ్లు.

రోడ్డెక్కే ముందు

పొద్దున్నే, బండి కదలకముందే టైర్ల గాలి చూసుకోండి. డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద ఉన్న లెక్క చల్లని టైరుకు చెప్పినది. మే నెల ఎండలో పది కిలోమీటర్లు తిరిగి వచ్చాక కొలిస్తే ఎక్కువే చూపిస్తుంది.

తర్వాత ఒక్కో టైరునూ లోపలి గోడతో సహా చేత్తో తడిమి చూడండి. బుడగ తగిలితే పరీక్ష అక్కడితో ఆపేయాలి. ఆ టైరుతో హైవే ఎక్కకూడదు. టైరు గోడ మీద డాట్ గుర్తు వరుసలో చివరి నాలుగు అంకెలు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి. 2317 అని ఉంటే 2017లో 23వ వారం. గాట్లు నిండుగా ఉన్నా, వయసైపోయిన టైరు గుండ్రం చెడుతుంది. ఆదివారం గుడికి తప్ప బయటికి తీయని బళ్లలో ఇది మరీ ఎక్కువ. అలాంటి బళ్లకు ఇంకో చిక్కు కూడా ఉంది. వారాల తరబడి ఒకేచోట నిలబెడితే టైరు కింది భాగం చదునెక్కుతుంది. బయల్దేరిన కొత్తలో దడదడలాడి, టైరు వేడెక్కాక పది, పదిహేను కిలోమీటర్లలో సర్దుకుంటే అది ఇదే. ఎంత దూరం పోయినా సర్దుకోకపోతే వేరే కారణం వెతకాలి.

రిమ్ము లోపలి వైపు టార్చి వేసి చూడండి. పొలం గట్టు దాకా బండి వెళ్లే గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఇది తప్పకుండా చూడాల్సిన చోటు. నల్లరేగడి మట్టి రిమ్ము లోపల పట్టి ఎండిందంటే గట్టిపడిపోతుంది. గుప్పెడు మట్టి ఒక పక్కన అంటుకుని ఉన్నా చాలు, బ్యాలెన్సింగ్ (చక్రం బరువు చుట్టూ సమంగా ఉండటం) మొత్తం పోతుంది. వానాకాలంలో ఊరికెళ్లి వచ్చాక అదురు మొదలైందంటే ముందు వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చి, రిమ్ముల లోపల కూడా కొట్టమని చెప్పండి. అక్కడితో కథ ముగిసిపోయే బళ్లు చాలానే ఉంటాయి.

చివరగా వీల్ నట్లు. ఈమధ్యే పంక్చర్ వేయించి ఉంటే మరీ ముఖ్యం. ఎదురెదురు నట్లు బిగిస్తూ రావాలి, వరుసగా కాదు. ఎంత బిగువో మాన్యువల్‌లో ఉంటుంది. చాలా కార్లకు 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది.

రోడ్డు మీద

పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకోండి. మీరు నడపాలి, వాళ్లు రాయాలి. విజయవాడ వాళ్లకు మంగళగిరి దాటాక కాజ, నంబూరు వైపు రోడ్డు తిన్నగా ఉంటుంది. గుంటూరు వాళ్లు ఏటుకూరు దాటి చిలకలూరిపేట వైపు వెళ్లొచ్చు. తెల్లవారాక, ట్రాఫిక్ పెరగకముందు మంచి సమయం. ధనుర్మాసం పొద్దుల్లో మంచు విడిచేదాకా ఆగండి. మిర్చి సీజన్‌లో యార్డుకు వెళ్లే లారీల మధ్య ఇలాంటి ప్రయోగాలు వద్దు. బోర్డు మీది వేగ పరిమితి దాటాల్సిన పని కూడా లేదు. వంతెనలు, ఫ్లైఓవర్ల మీద వచ్చే దడదడను లెక్కలోకి తీసుకోకండి, అది రోడ్డు అతుకులది.

నెమ్మదిగా వేగం పెంచుతూ అదురు ఎక్కడ మొదలైంది, ఎక్కడ బాగా ఎక్కువైంది, ఎక్కడ తగ్గింది రాయించండి. స్టీరింగ్‌లో తెలుస్తోందా, సీటులోనా, కాళ్ల కింద ఫ్లోరులోనా అన్నది కూడా. స్టీరింగ్‌లో అంటే ముందు చక్రాల వైపు, సీటులో అంటే వెనక వైపు అని మొదటి అంచనా. ఇది అంచనాయే, తీర్పు కాదు.

ఇప్పుడు అదురు బాగా తెలిసే వేగం దగ్గర, 90 అనుకుందాం, నిలకడగా పోతూ అయిదో గేరు నుంచి నాలుగులోకి దించండి. వేగం మాత్రం 90లోనే ఉంచండి. ఇంజన్ చుట్లు పెరుగుతాయి, చక్రాల చుట్లు మారవు. అదురు ఏమాత్రం మారకుండా అలాగే ఉంటే ఇంజన్, క్లచ్ వైపు చూడనక్కర్లేదు. మారితే, లేదా పూర్తిగా పోతే, ఇంజన్ వైపే చూడాలి.

తర్వాత అదే వేగంలో, వెనక ఎవరూ లేరని అద్దంలో చూసుకుని, యాక్సిలరేటర్ వదిలి న్యూట్రల్‌లోకి తేండి. తాళం మాత్రం ఆపకండి. ఇంజన్ ఆగితే బ్రేకు, పవర్ స్టీరింగ్ బరువెక్కుతాయి, స్టీరింగ్ లాక్ పడే ప్రమాదమూ ఉంది. ఆటోమేటిక్ బండి అయితే న్యూట్రల్ జోలికి పోకుండా యాక్సిలరేటర్ మీద కాలు తీసి చూస్తే చాలు. న్యూట్రల్‌లో జారుతున్నప్పుడు కూడా అదురు అలాగే ఉంటే చక్రాలు, టైర్లు, హబ్బులు (చక్రాన్ని బిగించే మధ్య భాగాలు), వెనక చక్రాల బండిలో జాయింట్ రాడ్డు అనుమానితులు. కాలు తీయగానే తగ్గి, తొక్కగానే మళ్లీ వస్తే లోడు పడినప్పుడే బయటపడే జబ్బు అన్నమాట: యాక్సిల్ లోపలి జాయింటు, అరిగిన క్రాసు (జాయింట్ రాడ్డు చివర వంగుతూ తిరిగే కీలు), ఇంజన్ ఫౌండేషన్ (ఇంజన్‌ను మోసే రబ్బరు దిమ్మె), డిఫరెన్షియల్ (వెనక యాక్సిల్ మధ్యలో శక్తిని చక్రాలకు పంచే గేర్లు) పినియన్, అంటే రాడ్డు తిప్పే చిన్న గేరు.

బ్రేకు వేసినప్పుడు మాత్రమే స్టీరింగ్ ఊగితే అది డిస్కుల సంగతి, ఈ వ్యాసంతో పనిలేదు. డిస్కు మందం అంతటా ఒకేలా లేదన్నమాట, లేత్ పట్టించాలి లేదా మార్చాలి. రోడ్డు మెల్లగా కుడికి తిరిగేటప్పుడు గుంయ్‌మనే శబ్దం పెరిగి, ఎడమకు తిరిగేటప్పుడు తగ్గితే వీల్ బేరింగు. కుడి మలుపులో బరువు ఎడమ చక్రం మీద పడుతుంది కాబట్టి సాధారణంగా ఎడమ వైపుది అనుకోవాలి.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. అదురు నిన్నటిదాకా లేకుండా ఈరోజు హఠాత్తుగా వస్తే, కింద నుంచి టక్‌టక్ మని లోహం కొట్టుకుంటున్న చప్పుడు వస్తే, ఒక చక్రం దగ్గర మాత్రం చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే, పరీక్షలు మాని పక్కకు ఆపండి. జాయింట్ రాడ్డు ముందు వైపు క్రాసు తెగితే రాడ్డు కిందపడి రోడ్డుకు గుచ్చుకుంటుంది.

కాస్త లెక్క

ఇది తప్పనిసరి కాదు. ఇష్టం ఉన్నవాళ్లకు మాత్రం ఇదే అసలు రుచి.

పాత ఇన్నోవాల్లో కనిపించే 205/65 ఆర్ 15 టైరు చుట్టుకొలత సుమారు 2.03 మీటర్లు. 90 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు సరిగ్గా 25 మీటర్లు. అంటే చక్రం సెకనుకు 12 చుట్లు పైచిలుకు తిరుగుతోంది. డిఫరెన్షియల్ నిష్పత్తి 4.1 అనుకుంటే జాయింట్ రాడ్డు సెకనుకు 50 చుట్లు. అయిదో గేరులో ఇంజన్ నిమిషానికి 2,500 చుట్లు ఉంటే సెకనుకు 42.

చక్రానిది కంటికి కనిపించే ఊగుడు. స్టీరింగ్ మీది చెయ్యి అటూ ఇటూ కదులుతుంది, మెకానిక్‌లు వాబ్లింగ్ అనేది దీన్నే. రాడ్డుది అలా ఉండదు. అది సన్నగా జివ్వుమంటుంది, అరికాళ్లు తిమ్మిరెక్కినట్టు ఉంటుంది, అద్దంలో వెనక బండి మసకబారుతుంది. ఈ తేడా ఒకసారి ఒంటికి పట్టిందంటే లెక్కతో పనే ఉండదు.

అలా నమ్మకం కుదరకపోతే ఫోన్‌లో వైబ్రేషన్ కొలిచే యాప్ వేసి, ఫోన్‌ను సీటు జారే ఇనుప పట్టా మీద గట్టిగా అదిమిపెట్టమని పక్కవాళ్లకు చెప్పండి. సెకనుకు 12 దగ్గర శిఖరం కనిపిస్తే చక్రం, 50 దగ్గర అయితే రాడ్డు. సెకనుకు 100 సార్లు మాత్రమే కొలిచే ఫోన్లు 50కి పైన ఉన్నదాన్ని సరిగ్గా చూపించలేవు, అది గుర్తుంచుకోండి.

మీ బండి డిఫరెన్షియల్ నిష్పత్తి తెలియకపోతే, ముందు చక్రాలకు దిమ్మెలు పెట్టి, ఒక వెనక చక్రం లేపి స్టాండు మీద నిలిపి, హ్యాండ్‌బ్రేక్ వదిలి, న్యూట్రల్‌లో ఆ చక్రాన్ని రెండు చుట్లు తిప్పండి. రాడ్డు ఎన్ని చుట్లు తిరిగిందో అదే నిష్పత్తి. ఒక్క చక్రమే తిరుగుతోంది కాబట్టి రెండు చుట్లు.

80, 100 మధ్యే ఎందుకు ఎక్కువవుతుందంటే, స్ప్రింగు కింద ఉండే చక్రం, హబ్బు, యాక్సిల్ బరువుకు తనదైన ఊపు ఒకటి ఉంటుంది. అది సెకనుకు 10 నుంచి 15 మధ్య. చక్రం చుట్లు ఆ ఊపుతో కలిసినప్పుడు చిన్న తేడా కూడా పెద్దదై కనిపిస్తుంది. 110లో తగ్గిందంటే ఊపు తప్పిందంతే. తేడా అలాగే ఉంది, బేరింగుల మీద దెబ్బ పడుతూనే ఉంది.

చక్రాలే అని తేలితే

ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకు మార్చి అదే రోడ్డు మీద నడపండి. స్టీరింగ్‌లో ఉన్న అదురు సీటులోకి మారితే చక్రాలదే తప్పు. ఏమీ మారకపోతే హబ్బులు, యాక్సిళ్ల వైపు వెళ్లండి. జాకీ, వీల్ రెంచ్ ఉంటే చాలు, ఇది ఇంట్లోనే అయిపోతుంది.

చక్రం గాల్లో ఉన్నప్పుడే చేతితో తిప్పుతూ, టైరుకు దగ్గరగా ఒక చాక్‌పీసు కదలకుండా పట్టుకుని సందు చూడండి. పైకీ కిందికీ గానీ, పక్కలకు గానీ ఒకటిన్నర మిల్లీమీటరు దాటి కదులుతుంటే రిమ్ము బెండు, లేదా టైరు గుండ్రం చెడింది. పైన, కింద పట్టుకుని చక్రాన్ని ఊపినప్పుడు లూజు తెలిస్తే బేరింగు లేదా బాల్ జాయింటు. కుడి, ఎడమలు పట్టుకుని ఊపితే తెలిసేది టై రాడ్ ఎండు.

బ్యాలెన్సింగ్‌కి వెళ్లినప్పుడు షాపులో నిలబడి చూడండి. మిషను మీద తిరుగుతున్న రిమ్మును కంటితో చూస్తే బెండు అక్కడే కనిపిస్తుంది. బెండు రిమ్ముకు ఎన్ని సీసం ముక్కలు అంటించినా మిషను సున్నా చూపిస్తుంది గానీ రోడ్డు మీద అదురు పోదు. ఒక్క చక్రానికి 60, 70 గ్రాములు అడుగుతుంటే ఆపమనండి. టైరును రిమ్ము మీద సగం చుట్టు తిప్పి మళ్లీ ఎక్కించమనండి, చాలాసార్లు బరువు సగానికి పడిపోతుంది. పాత ముక్కలు తీయకుండా వాటి పక్కనే కొత్తవి కొడుతుంటే వద్దని చెప్పే హక్కు మీకుంది, డబ్బులిచ్చేది మీరే.

ముందు చక్రాల బండి, కాలు తొక్కితేనే అదురు

యాక్సిల్‌కు రెండు చివర్లా జాయింట్లు ఉంటాయి. బయటిది చెడితే స్టీరింగ్ నిండా తిప్పి మలుపు తీసుకునేటప్పుడు టకటకలాడుతుంది, హైవే అదురుతో దానికి పెద్దగా సంబంధం లేదు. మన అనుమానం లోపలి జాయింటు మీద. పికప్ ఇచ్చినప్పుడు బండి ముక్కు అటూ ఇటూ ఊగినట్టు ఉండి, కాలు తీయగానే మాయమైతే అదే. రబ్బరు బూటు చిరిగి గ్రీజు చుట్టూ చిమ్మి ఉంటే అనుమానం బలపడినట్టే.

కానీ యాక్సిల్ కొనే ముందు ఇంజన్ ఫౌండేషన్లు చూడండి. రబ్బరు కుంగి ఇంజన్ కిందికి దిగితే లోపలి జాయింటు పని చేసే కోణం మారుతుంది. ఫౌండేషన్ మార్చకుండా కొత్త యాక్సిల్ వేస్తే అదురు కొంత తగ్గి మళ్లీ వస్తుంది. షాపులో ఎక్కువ బిల్లయ్యేది యాక్సిలే కాబట్టి ముందు అదే చెబుతారు.

జాయింట్ రాడ్డు

వెనక చక్రాల పాత బండిలో, టైర్లు అన్నీ బాగున్నా పోని జివ్వుమనే అదురుకు ఇదే మొదటి అనుమానితుడు. రాడ్డులో ఉన్న అసమతూకం వల్ల పడే దెబ్బ వేగం వర్గంతో పెరుగుతుంది. 60లో ఉన్నదానికి 90లో రెండుంపావు రెట్లు. అందుకే ఊళ్లో ఏమీ తెలియదు.

కింద దూరేముందు జాకీ ఒక్కదాన్ని నమ్మకండి. స్టాండ్లు, చక్రాలకు దిమ్మెలు తప్పనిసరి. సైలెన్సర్ గొట్టం చల్లారనివ్వండి. బండిని లేపి, గేరులో వేసి, వెనక చక్రాలు తిరుగుతుండగా కింద నుంచి చూడటం ఇంట్లో చేసే పని కాదు.

టార్చి వేసి రాడ్డు పొడవునా చూడండి. సొట్ట ఉందా, తారు గానీ మట్టి గానీ అంటుకుందా, చిన్న ఇనుప బిళ్ల ఊడిపోయిన మచ్చ ఉందా? ఫ్యాక్టరీలో బ్యాలెన్సు కోసం వెల్డింగు చేసే బిళ్లలు అవి. ఊడిన చోట రంగు లేకుండా చదరంగా కనిపిస్తుంది.

తర్వాత క్రాసులు. ఒక చేత్తో రాడ్డు, మరో చేత్తో అవతలి యోకు (క్రాసును పట్టి ఉంచే కొమ్ముల ముక్క) పట్టుకుని ఎదురెదురుగా తిప్పండి, పైకీ కిందికీ కూడా ఊపండి. ఏ కాస్త లూజు తెలిసినా క్రాసు అయిపోయినట్టే. కప్పు అంచున ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే లోపల గ్రీజు ఎండిపోయి సూది బేరింగులు అరుగుతున్నాయి. లూజు లేకపోయినా ఒకచోట పట్టేసినట్టు ఆగి కదిలే క్రాసు ఇంకా మోసగత్తె. రాడ్డు విప్పి చేతితో వంచి చూస్తేగానీ అది దొరకదు. రెండు ముక్కల రాడ్డు అయితే మధ్యలో సెంటర్ బేరింగు ఉంటుంది. దాని రబ్బరు చిరిగితే బండి కదిలేటప్పుడే ఒక గుద్దు, వేగంలో అదురు.

క్రాసు ఈమధ్యే మార్పించి, ఆ తర్వాతే అదురు మొదలైందా? రాడ్డు విప్పేముందు గుర్తు పెట్టారో లేదో అడగండి. జారే స్ప్లైను (రాడ్డు పొడవు సర్దుకునే గాట్ల అతుకు) దగ్గర విడదీసి, గుర్తు లేకుండా తిరిగి ఎక్కిస్తే రెండు చివరల యోకులు ఒకే తలంలో ఉండకపోవచ్చు. అప్పుడు ఒక క్రాసు తెచ్చే ఎగుడుదిగుడును రెండోది కొట్టేయదు. చుట్టుకు రెండుసార్లు అదురుతుంది. కొత్త క్రాసు మళ్లీ మార్చినా ఏమీ ఉపయోగం లేదు, విప్పి యోకులు సరిచేయాలి.

బరువులు మోయడానికి వెనక స్ప్రింగుకు అదనపు పట్టా వేయించిన బొలెరోలు, సుమోల్లో కోణం చూడాలి. గేర్‌బాక్స్ షాఫ్టు, డిఫరెన్షియల్ పినియన్ రెండూ దాదాపు సమాంతరంగా ఉండాలి. ఫోన్‌లో వాలు కొలిచే యాప్ పెట్టి చూడొచ్చు. బండి చక్రాల మీద బరువుతో నిలబడి ఉండాలి, వేలాడుతూ కాదు. రెండు క్రాసుల దగ్గర కోణాల మధ్య తేడా ఒక డిగ్రీ లోపు, ఒక్కో కోణం సుమారు 3 డిగ్రీల లోపు ఉంటే మంచిది.

ఇవన్నీ బాగుంటే బ్యాలెన్సు ఒక్కటే మిగిలింది. దీనికి పాతకాలపు చిట్కా ఒకటి ఉంది, నాకు చాలా ఇష్టమైనది. రేడియేటర్ గొట్టానికి వేసే స్క్రూ క్లిప్పు పెద్ద సైజుది కొనండి. రాడ్డు వెనక చివర చుట్టూ చాక్‌పీసుతో నాలుగు సమాన దూరాల్లో 1, 2, 3, 4 అని రాయండి. క్లిప్పు స్క్రూ 1 దగ్గరికి వచ్చేలా బిగించి అదే రోడ్డు మీద అదే వేగంతో నడిపి రండి. తర్వాత 2, 3, 4. క్లిప్పు తోక కత్తిరించండి. హ్యాండ్‌బ్రేక్ కేబులుకు, సైలెన్సర్‌కు తగలకుండా చూడండి. ఒకచోట అదురు తగ్గి, దానికి ఎదురుగా ఉన్న చోట పెరిగితే రాడ్డు అసమతూకంగా ఉందని తేలిపోయింది. నాలుగు చోట్లా ఏ తేడా లేకపోతే రాడ్డు బ్యాలెన్సింగ్‌కి డబ్బు పెట్టకండి, క్రాసులు, కోణాల దగ్గరికే తిరిగి వెళ్లండి. క్లిప్పు రోగం చెప్పడానికే, అది వైద్యం కాదు. రాడ్డు విప్పించి మిషను మీద బ్యాలెన్సు చేయించాలి. విజయవాడ ఆటోనగర్ లారీల ఊరు, జాయింట్ రాడ్డు పని తెలిసినవాళ్లకు అక్కడ కొదవ లేదు.

ఇంజన్ వైపు అయితే

బండి ఆపి న్యూట్రల్‌లో అవే చుట్లకు రేసు ఇచ్చి చూడండి. అదురు నిలబడి ఉన్నప్పుడు కూడా వస్తే ఫౌండేషన్లు, ఒక సిలిండరు సరిగ్గా కొట్టకపోవడం, సైలెన్సర్ గొట్టం బాడీకి తగలడం చూడాలి. ఈమధ్యే క్లచ్ మార్చి ఉంటే ప్రెషర్ ప్లేటు కూడా. ఒక మెలిక: వెనక చక్రాల పాత బళ్ల గేర్‌బాక్సుల్లో చాలావాటికి నాలుగో గేరు నేరుగా ఉంటుంది, ఇంజన్, జాయింట్ రాడ్డు ఒకే వేగంతో తిరుగుతాయి. అందుకే నాలుగో గేరులో మాత్రమే పరీక్షించి తీర్పు చెప్పకూడదు.

మెకానిక్‌కి ఇచ్చేటప్పుడు

"అదురుతోంది, చూడు బాబూ" అని తాళం ఇచ్చి వెళ్లిపోకండి. చీటీ రాసి ఇవ్వండి: ఏ వేగంలో మొదలవుతుంది, ఎక్కడ ఎక్కువ, గేరు మారిస్తే మారిందా, న్యూట్రల్‌లో ఉందా, చక్రాలు మార్చి చూశారా. ఒకసారి ఒకే పని చేయించండి. నాలుగు పనులు ఒకేసారి చేయిస్తే ఏది పనిచేసిందో తెలియదు, మళ్లీ వస్తే మొదటికే వస్తారు. మార్చిన పాత సామాను ఇంటికి తెచ్చుకోండి.

పాత బండిలో రెండు తప్పులు కలిసి ఉండటం మామూలే. బ్యాలెన్సింగ్ తర్వాత స్టీరింగ్ నిలబడింది గానీ ఫ్లోరు ఇంకా జివ్వుమంటోందంటే, చేసిన పని తప్పని కాదు. పెద్ద అదురు వెనక దాక్కున్న రెండోది ఇప్పుడు బయటపడింది. దానికి మళ్లీ గేరు పరీక్ష నుంచి మొదలుపెట్టండి. చక్రాలు విప్పి బిగించిన ప్రతిసారీ 50, 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు ఇంకోసారి బిగించి చూసుకోండి.